పరిశోధన రచనలు, ఉల్లేఖన ప్రభావం: హాన్స్ ఐజెంక్ ఉదాహరణ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక పరిశోధకుని రచనల రాశిని, ఉల్లేఖన ప్రభావాన్ని కొలిచే పద్ధతులను వివరించగలుగుతారు.
• హెచ్-సూచికను స్వయంగా లెక్కించగలుగుతారు.
• ఒక రచనను ఇతరులు ఉల్లేఖించడానికి గల వేర్వేరు కారణాలను గుర్తించగలుగుతారు.
• ఉల్లేఖనాల సంఖ్యకు, పరిశోధన విశ్వసనీయతకు గల తేడాను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

మనోవిజ్ఞాన శాస్త్ర గ్రంథం ఏది తెరిచినా వాక్యాల మధ్య ఒక పేరు, దాని పక్కన ఒక సంవత్సరం కనిపిస్తాయి. రచయిత తాను చెప్పే విషయానికి ఆధారమైన రచనను ఆ విధంగా చూపిస్తాడు. ఇలా ఒక రచనలో మరొక రచనను ప్రస్తావించి, దాని వివరాలను ఇవ్వడాన్ని ఉల్లేఖనం లేదా సైటేషన్ అంటారు.

ఒక పరిశోధకుని రచనలను ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారో లెక్కపెట్టి, దాని ఆధారంగా అతని ప్రభావాన్ని అంచనా వేసే అలవాటు గత అరవై సంవత్సరాలలో ప్రపంచమంతటా వ్యాపించింది. విశ్వవిద్యాలయాలలో నియామకాలు, పదోన్నతులు, పరిశోధనలకు నిధులు చాలా చోట్ల ఈ అంకెలతో ముడిపడి ఉన్నాయి. అందువల్ల ఈ అంకెలు ఏమి చెబుతాయో, ఏమి చెప్పవో విద్యార్థి తెలుసుకోవాలి.

చికిత్సా మనోవిజ్ఞానంలో, అంటే క్లినికల్ సైకాలజీలో, ఈ విషయానికి మరింత ప్రాముఖ్యం ఉంది. ఇక్కడ పరిశోధన ఫలితం పత్రికలో ఆగిపోదు. అది చికిత్సకుని ద్వారా బాధలో ఉన్న మనిషి దగ్గరకు చేరుతుంది. ఫలితం తప్పయితే నష్టపోయేది ఆ మనిషే. ఈ భాగంలో ముందుగా కొలతలను తెలుసుకొని, తరువాత బ్రిటన్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హాన్స్ ఐజెంక్ రచనలను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

2. కొలిచే పద్ధతులు

2.1 రచనల సంఖ్య

ఒక పరిశోధకుడు ప్రచురించిన వ్యాసాలు, గ్రంథాలు, గ్రంథ అధ్యాయాల మొత్తాన్ని రచనల రాశి అనవచ్చు. లెక్కించడానికి ఇది అన్నిటికంటే తేలికైన కొలత. అయితే ఇది పరిమాణాన్ని మాత్రమే తెలుపుతుంది. ఎవరూ చదవని నూరు వ్యాసాలు, ఒక రంగం దిశను మార్చిన ఒక్క వ్యాసం ఈ కొలతలో నూరుకు ఒకటిగానే కనిపిస్తాయి.

2.2 ఉల్లేఖనాల సంఖ్య

శాస్త్ర పత్రికలలోని ఉల్లేఖనాలన్నిటినీ ఒకచోట చేర్చి సూచిక తయారు చేయాలన్న ఆలోచనను అమెరికాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1960లలో అతని సంస్థ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను ప్రచురించడం ప్రారంభించింది. పాత రచనను ఆధారం చేసుకొని తరువాతి పరిశోధకులు ఏమి చేశారో వెతికి పట్టుకోవడానికి ఈ సూచిక ఉపయోగపడుతుంది. పరిశోధకులకు మార్కులు వేసే సాధనంగా అది క్రమంగా మారింది. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ రావడంతో ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చొని ఈ లెక్కలు చూసే వీలు కలిగింది.

ఒకే పరిశోధకునికి ఒక్కొక్క చోట ఒక్కొక్క సంఖ్య కనిపిస్తుంది. గూగుల్ స్కాలర్ పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, ఇతర పత్రాలలోని ఉల్లేఖనాలను కూడా కలుపుకుంటుంది కాబట్టి అక్కడ సంఖ్య సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఏ ఉల్లేఖన సంఖ్యను చెప్పినా అది ఎక్కడి నుండి, ఏ తేదీన తీసుకున్నదో కూడా చెప్పాలి.

2.3 హెచ్-సూచిక

రచనల సంఖ్యను, ఉల్లేఖనాల సంఖ్యను కలిపి ఒకే అంకెగా చూపడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో హెచ్-సూచికను ప్రతిపాదించాడు. ఒక పరిశోధకుని వ్యాసాలలో కనీసం 10 వ్యాసాలకు ఒక్కొక్కదానికి 10 లేదా అంతకంటే ఎక్కువ ఉల్లేఖనాలు ఉండి, 11 వ్యాసాలకు 11 చొప్పున లేకపోతే, అతని హెచ్-సూచిక 10 అవుతుంది.

ఉదాహరణ: 'క', 'గ' అనే ఇద్దరు పరిశోధకులు అయిదేసి వ్యాసాలు రాశారనుకుందాం.
క: 50, 8, 5, 4, 2 ఉల్లేఖనాలు. మొత్తం 69.
గ: 9, 9, 8, 7, 6 ఉల్లేఖనాలు. మొత్తం 39.

'క' వరుసలో నాలుగవ వ్యాసానికి 4 ఉల్లేఖనాలు ఉన్నాయి. అయిదవ వ్యాసానికి రెండే ఉన్నాయి. కాబట్టి హెచ్-సూచిక 4. 'గ' వరుసలో అయిదవ వ్యాసానికి కూడా 6 ఉల్లేఖనాలు ఉన్నాయి. కాబట్టి హెచ్-సూచిక 5. మొత్తం ఉల్లేఖనాలలో 'క' ముందుంటే హెచ్-సూచికలో 'గ' ముందున్నాడు. వీరిలో ఎవరి పరిశోధన సరైనదో మాత్రం రెండు కొలతలలో ఏదీ చెప్పలేదు.

2.4 పత్రిక ప్రభావ గుణకం

దీనిని ఇంపాక్ట్ ఫాక్టర్ అంటారు. ఒక పత్రిక గత రెండు సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలకు ఈ సంవత్సరం వచ్చిన ఉల్లేఖనాలను, ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తే ఇది వస్తుంది. ఇది పత్రికకు సంబంధించిన సగటు మాత్రమే. ఆ పత్రికలో వచ్చిన ఒక్కొక్క వ్యాసానికి గాని, దాని రచయితకు గాని ఈ గుణకాన్ని ఆపాదించకూడదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశం నుండి వెలువడిన ప్రకటన ఈ విషయాన్నే నొక్కి చెప్పింది. దీనిని క్లుప్తంగా 'డోరా' ప్రకటన అంటారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1) ఒక పరిశోధకుని ఆరు వ్యాసాలకు వరుసగా 12, 7, 6, 3, 3, 1 ఉల్లేఖనాలు ఉన్నాయి. అతని హెచ్-సూచిక ఎంత?
2) ఒకే పరిశోధకునికి రెండు చోట్ల రెండు ఉల్లేఖన సంఖ్యలు ఎందుకు కనిపిస్తాయి?

3. ఐజెంక్: జీవితం, రచనల రాశి

హాన్స్ యూర్గెన్ ఐజెంక్ 1916లో బెర్లిన్‌లో జన్మించాడు. నాజీలు అధికారానికి వచ్చిన తరువాత, 1934లో జర్మనీని విడిచి వెళ్లాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సిరిల్ బర్ట్ వద్ద చదివి 1940లో డాక్టరేట్ పొందాడు. యుద్ధం తరువాత లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో మనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పాడు. 1955 నుండి 1983లో పదవీ విరమణ చేసే వరకు అక్కడ ఆచార్యుడుగా ఉన్నాడు. బ్రిటన్‌లో చికిత్సా మనోవిజ్ఞానం ఒక వృత్తిగా రూపుదిద్దుకోవడంలో ఆ విభాగం ప్రధాన పాత్ర వహించింది. అతడు 1997లో మరణించాడు.

ఐజెంక్ దాదాపు 80 గ్రంథాలు, వెయ్యికి పైగా వ్యాసాలు రాశాడు. మూర్తిమత్వం, ప్రజ్ఞ, ప్రవర్తనా చికిత్స, ధూమపానం, నేరప్రవృత్తి వంటి అనేక విషయాలు వీటిలో ఉన్నాయి. 1963లో 'బిహేవియర్ రీసెర్చ్ అండ్ థెరపీ', 1980లో 'పర్సనాలిటీ అండ్ ఇండివిడ్యువల్ డిఫరెన్సెస్' అనే పత్రికలను స్థాపించాడు. తాను స్థాపించిన పత్రికలలో తానే వ్యాసాలు ప్రచురించడం తప్పు కాదు. కాని రచనల రాశిని పరిశీలించేటప్పుడు ఈ అంశాన్ని కూడా గమనించాలి.

20వ శతాబ్దపు ప్రముఖ మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు నూరుమందిని గుర్తిస్తూ స్టీవెన్ హాగ్‌బ్లూమ్, అతని సహచరులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృత్తి పత్రికలలోని ఉల్లేఖనాల వరకు చూస్తే సిగ్మండ్ ఫ్రాయిడ్, జీన్ పియాజే తరువాత మూడవ స్థానం ఐజెంక్‌దే. ఇతర ప్రమాణాలను కూడా కలిపినప్పుడు అతని స్థానం 13. అంకెల దృష్టితో చూస్తే ఇంతకంటే పెద్ద ప్రభావాన్ని ఊహించడం కష్టం.

4. ఎవరు, ఎందుకు ఉల్లేఖించారు?

ఉల్లేఖనాల లెక్కలో ప్రతి ఉల్లేఖనం విలువ ఒకటే. కాని ఉల్లేఖించిన వారి ఉద్దేశాలు వేరు. ఐజెంక్ రచనలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

4.1 సాధనాన్ని ఉపయోగించినందుకు

మూర్తిమత్వాన్ని అంతర్వర్తనం-బహిర్వర్తనం, భావోద్వేగ అస్థిరత అనే పరిమాణాలతో వర్ణించవచ్చునని ఐజెంక్ 1947లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ పరిమాణాలను కొలవడానికి అతడు తయారు చేసిన ప్రశ్నావళులు అనేక దేశాలలో, అనేక భాషలలోకి అనువాదమై వాడుకలోకి వచ్చాయి. 1975లో సిబిల్ ఐజెంక్‌తో కలిసి ప్రచురించిన 'ఐజెంక్ పర్సనాలిటీ క్వశ్చనీర్' వీటిలో ప్రసిద్ధమైనది. ఈ ప్రశ్నావళిని వాడిన ప్రతి పరిశోధకుడు దాని మూలాన్ని ఉల్లేఖిస్తాడు. ఇటువంటి ఉల్లేఖనం 'ఈ సాధనాన్ని వాడాను' అని మాత్రమే చెబుతుంది. ఐజెంక్ సిద్ధాంతమంతటినీ ఒప్పుకున్నట్లు దానికి అర్థం కాదు.

4.2 ఖండించడానికి

1952లో ఐజెంక్ మానసిక చికిత్స ఫలితాలపై ఆరు పుటల వ్యాసం ఒకటి ప్రచురించాడు. న్యూరోసిస్‌తో బాధపడే ఏడు వేలకు పైగా రోగులకు సంబంధించిన 24 అధ్యయనాలను అతడు సమీక్షించాడు. మనోవిశ్లేషణ పొందిన వారిలో 44 శాతం, వివిధ పద్ధతులను కలిపిన చికిత్స పొందినవారిలో 64 శాతం మెరుగయ్యారని లెక్క తేల్చాడు. మానసిక చికిత్స లేకుండా ఆసుపత్రి సంరక్షణలోనో, సాధారణ వైద్యుల వద్దనో ఉన్నవారిలో 72 శాతం మెరుగయ్యారని చెప్పాడు. అంటే మానసిక చికిత్స ఉపయోగపడుతుందనడానికి ఆధారం లేదని అతని వాదన.

ఈ వ్యాసం చికిత్సకులలో కలకలం రేపింది. విమర్శకులు అతని లెక్కలను తిరిగి పరిశీలించారు. పోల్చిన సమూహాలు సమానమైనవి కావని, 'మెరుగు' అనే మాటకు ఒక్కొక్క అధ్యయనంలో ఒక్కొక్క అర్థం ఉందని చూపారు. మనోవిశ్లేషణను మధ్యలో మానివేసిన వారిని కూడా ఐజెంక్ మెరుగుపడనివారిగా లెక్కించాడు. వారిని మినహాయిస్తే 44 శాతం సుమారు 66 శాతానికి పెరుగుతుందని అతని వ్యాసంలోనే ఉంది. ఒక వర్గీకరణ నిర్ణయం ఫలితాన్ని ఎంతగా మార్చగలదో గమనించండి.

1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాల ఫలితాలను గణాంక పద్ధతిలో ఒకచోట చేర్చి విశ్లేషించారు. చికిత్స పొందిన సగటు వ్యక్తి, చికిత్స పొందనివారిలో 75 శాతం మంది కంటే మెరుగైన స్థితిలో ఉన్నాడని వారు చూపారు. ఐజెంక్ ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు గాని, తరువాతి పరిశోధన మొత్తం మీద స్మిత్, గ్లాస్‌ల వైపే నిలిచింది.

అయినా 1952 నాటి వ్యాసం వృథా కాలేదు. 'చికిత్స పొందనివారితో పోల్చకుండా చికిత్స పనిచేసిందని ఎలా చెప్పగలం?' అన్న ప్రశ్నను అది రంగం ముందు నిలబెట్టింది. నియంత్రిత సమూహంతో పరీక్షించడం తరువాత అలవాటుగా మారడంలో ఆ ప్రశ్నకు భాగం ఉంది. ముగింపు నిలవకపోయినా ప్రశ్న నిలిచింది. ఈ వ్యాసానికి వచ్చిన ఉల్లేఖనాలలో దానితో విభేదించినవి ఎన్నో ఉన్నాయి. లెక్కలో అవి కూడా అతని ఖాతాలోనే చేరాయి.

4.3 నమ్మి ఆధారం చేసుకున్నందుకు

1980ల నుండి ఐజెంక్, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన రోనాల్డ్ గ్రాసార్త్-మాటిచెక్‌తో కలిసి వరుసగా వ్యాసాలు ప్రచురించాడు. కొందరి మూర్తిమత్వం కాన్సర్‌కు, మరికొందరిది గుండెజబ్బుకు దారితీస్తుందని ఈ వ్యాసాల సారాంశం. కాన్సర్ తరహా మూర్తిమత్వం గలవారు ఆరోగ్యకరమైన మూర్తిమత్వం గలవారి కంటే కాన్సర్‌తో మరణించే అవకాశం వంద రెట్లకు పైగా ఎక్కువని ఒక అధ్యయనంలో చెప్పారు. ధూమపానం ఊపిరితిత్తుల కాన్సర్ ప్రమాదాన్ని సుమారు 15 నుండి 30 రెట్లు పెంచుతుందని వైద్యరంగం చెబుతోంది. దానితో పోలిస్తే ఈ సంఖ్య ఎంత అసాధారణమైనదో తెలుస్తుంది. ఒక కరపత్రం, కొద్దిపాటి మానసిక చికిత్సతో మరణాలు బాగా తగ్గాయని కూడా ఆ వ్యాసాలు ప్రకటించాయి.

ఈ వ్యాసాలను ఆధారంగా తీసుకున్న వారి ఉల్లేఖనాలు కూడా ఐజెంక్ ఖాతాలోనే చేరాయి. ఐజెంక్ పరిశోధనకు పొగాకు పరిశ్రమ నుండి నిధులు అందిన విషయం కూడా తరువాత బహిరంగమైంది. ధూమపానం కంటే మూర్తిమత్వానికే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే ఫలితం ఎవరికి లాభమో ఆలోచించడం కష్టం కాదు. నిధులు పొందినంత మాత్రాన ఫలితం తప్పని చెప్పలేం. కాని అటువంటి ఫలితాన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించవలసి ఉంటుంది.

5. ఆలస్యంగా జరిగిన దిద్దుబాటు

ఈ ఫలితాలపై సందేహాలు అప్పుడే వచ్చాయి. 1992లో మానసిక వైద్యులు ఆంథొనీ పెలోసీ, లూయిస్ ఆపిల్‌బీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వాటిని తీవ్రంగా విమర్శించారు. ఐజెంక్ సమాధానం ఇచ్చాడు. విచారణ మాత్రం జరగలేదు. 2019లో పెలోసీ 'జర్నల్ ఆఫ్ హెల్త్ సైకాలజీ'లో మళ్లీ ఈ విషయాన్ని లేవనెత్తాడు. ఆ పత్రిక సంపాదకుడు డేవిడ్ మార్క్స్ విచారణ జరపాలని కోరాడు.

ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ అప్పటికే లండన్‌లోని కింగ్స్ కాలేజీలో భాగమైంది. ఆ కాలేజీ జరిపిన విచారణ, ఐజెంక్ గ్రాసార్త్-మాటిచెక్‌తో కలిసి రాసిన వ్యాసాలలో 26 వ్యాసాలు నమ్మదగినవి కావని 2019లో తేల్చింది. 2020లో పత్రికలు పదికి పైగా వ్యాసాలను ఉపసంహరించాయి. మరెన్నో వ్యాసాలపై సందేహ ప్రకటనలు వెలువరించాయి. గ్రాసార్త్-మాటిచెక్ ఈ ఆరోపణలను తోసిపుచ్చాడు. ఐజెంక్ అప్పటికి మరణించి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక్కడ రెండు మాటలకు తేడా తెలుసుకోవాలి. ఒక వ్యాసంలోని ఫలితాలను ఇకపై నమ్మవద్దని పత్రిక అధికారికంగా ప్రకటించడం ఉపసంహరణ. వ్యాసంపై తీవ్రమైన అనుమానం ఉందని, తుది నిర్ణయం కాలేదని పాఠకులను హెచ్చరించడం సందేహ ప్రకటన. ఉపసంహరించిన వ్యాసానికి అంతకుముందు వచ్చిన ఉల్లేఖనాలు చెరిగిపోవు. ఉపసంహరణ సంగతి తెలియక దానిని తరువాత కూడా ఉల్లేఖించే వారుంటారు.

1992 నాటి విమర్శకు, విచారణకు మధ్య 27 సంవత్సరాలు గడిచాయి. కాన్సర్ సోకిన మనిషికి 'నీ స్వభావమే నీ రోగానికి కారణం' అని ఎవరైనా చెబితే, రోగంతో పాటు అపరాధ భావన కూడా ఆ మనిషి మోయాలి. పొగ తాగే వ్యక్తి తన మూర్తిమత్వం మంచిదే కాబట్టి భయం లేదని అనుకునే ప్రమాదం ఉంది. తప్పు ఫలితం వల్ల కలిగే నష్టాన్ని ఏ ఉల్లేఖన సూచికా కొలవదు.

6. ఉల్లేఖనాలను చదవవలసిన తీరు

ఒక పరిశోధకుని గురించి గాని, వ్యాసం గురించి గాని రాయవలసి వచ్చినప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోండి.

(అ) ఈ సంఖ్య ఎక్కడిది, ఏ తేదీది?
(ఆ) ఎక్కువ ఉల్లేఖనాలు ఏ రచనలకు వచ్చాయి? అవి సాధనాలా, సిద్ధాంతాలా, ఫలితాలా?
(ఇ) ఉల్లేఖించినవారు సమర్థించారా, ఖండించారా, పేరు మాత్రం చెప్పి వదిలారా? కనీసం నాలుగైదు వ్యాసాలను తెరిచి ఆ వాక్యాలను చదవండి.
(ఈ) సొంత ఉల్లేఖనాలు, సహరచయితల ఉల్లేఖనాలు ఎంత మేరకు ఉన్నాయి?
(ఉ) సంబంధం లేని మరొక బృందం ఆ ఫలితాన్ని తిరిగి రాబట్టగలిగిందా?
(ఊ) పరిశోధనకు నిధులు ఎవరిచ్చారు?
(ఋ) వ్యాసాన్ని ఉపసంహరించారా? పత్రిక వెబ్‌సైట్‌లో ఆ వ్యాసం పుటను చూడండి. 'రిట్రాక్షన్ వాచ్' నిర్వహించే ఉపసంహరణల జాబితాలో కూడా వెతకవచ్చు.

వేర్వేరు రంగాల పరిశోధకులను ఒకే అంకెతో పోల్చకూడదని కూడా గుర్తుంచుకోండి. పరిశోధకుల సంఖ్య ఎక్కువగా ఉన్న రంగంలో ఉల్లేఖనాలు సహజంగానే ఎక్కువ. వయసులో పెద్దవారికి హెచ్-సూచిక పెద్దదిగా ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే అది కాలంతో పెరుగుతుందే గాని తగ్గదు. పేరున్నవారికి మరింత పేరు వచ్చే ధోరణిని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో 'మాథ్యూ ప్రభావం' అని పేర్కొన్నాడు. ఒక వ్యాసాన్ని ప్రముఖులు రాశారన్న కారణంతో చదవకుండా ఉల్లేఖించడం కూడా ఆ ధోరణికి తోడ్పడుతుంది.

7. సారాంశం

రచనల సంఖ్య, ఉల్లేఖనాల సంఖ్య, హెచ్-సూచిక, పత్రిక ప్రభావ గుణకం అనేవి పరిశోధన వ్యాప్తిని కొలిచే సాధనాలు. ఒక రచనను ఎంతమంది పట్టించుకున్నారో ఇవి చెబుతాయి. ఎందుకు పట్టించుకున్నారో, అది నిజమో కాదో చెప్పవు. ఐజెంక్ రచనలలో ఉపయోగకరమైన సాధనాలు, ముగింపు నిలవకపోయినా రంగానికి మేలు చేసిన వాదన, తరువాత ఉపసంహరణకు గురైన వ్యాసాలు మూడూ ఉన్నాయి. ఉల్లేఖనాల మొత్తంలో ఈ మూడూ కలిసిపోతాయి. వాటిని విడదీయడానికి రచనలను చదవడం తప్ప వేరే మార్గం లేదు. రోగుల సంక్షేమం ముడిపడిన చికిత్సా మనోవిజ్ఞానంలో ఇది విద్యార్థి నుండి ఆచార్యుని వరకు అందరి బాధ్యత.

8. కీలక పదాలు

ఉల్లేఖనం: ఒక రచనలో మరొక రచనను ఆధారంగా చూపడం.
హెచ్-సూచిక: రచనల సంఖ్యను, వాటి ఉల్లేఖనాలను కలిపి చూపే కొలత.
ప్రభావ గుణకం: ఒక పత్రికలోని ఇటీవలి వ్యాసాలకు వచ్చిన ఉల్లేఖనాల సగటు.
నియంత్రిత సమూహం: ఫలితాన్ని పోల్చడానికి తీసుకున్న, చికిత్స పొందని సమూహం.
ఉపసంహరణ: వ్యాసంలోని ఫలితాలు నమ్మదగినవి కావని పత్రిక అధికారికంగా ప్రకటించడం.

9. అవగాహన ప్రశ్నలకు సమాధానాలు

1) 3. మూడవ వ్యాసానికి 6 ఉల్లేఖనాలు ఉన్నాయి, నాలుగవ వ్యాసానికి మూడే ఉన్నాయి.
2) ఒక్కొక్క సూచిక ఒక్కొక్క రకమైన రచనల నుండి ఉల్లేఖనాలను సేకరిస్తుంది కాబట్టి. 2.2 చూడండి.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) ఒక రచనను ఉల్లేఖించడానికి గల వేర్వేరు కారణాలను ఐజెంక్ రచనల ఆధారంగా వివరించండి.
2) ఉల్లేఖనాల సంఖ్య పరిశోధన విశ్వసనీయతకు కొలమానం కాగలదా? చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1) హెచ్-సూచికను ఉదాహరణతో వివరించండి.
2) 1952 నాటి ఐజెంక్ వ్యాసంపై వచ్చిన విమర్శలను తెలపండి.
3) ఉపసంహరణకు, సందేహ ప్రకటనకు గల తేడా ఏమిటి?